డేకేర్ రాయితీ కోస్తారంటున్నారు. ఓటు లేని మేము శాసనసభ్యుల దగ్గరికి వెళ్ళి ఏం మాట్లాడాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. కాలిఫోర్నియాలో శాన్ హోసే దగ్గర ఉండే ఒక తెలుగు తల్లి అడిగారు. భర్త హెచ్1బీ మీద ఉన్నారు, ఆయన కంపెనీలో లేఆఫ్‌లు మొదలయ్యాయి. నాలుగేళ్ళ పాప వెళ్ళే డేకేర్‌లో సగానికి పైగా పిల్లలు ప్రభుత్వ రాయితీ మీద వచ్చేవాళ్ళే. రాష్ట్ర బడ్జెట్‌లో ఆ డబ్బు కోస్తే డేకేర్ మూసుకోవాల్సిందేనని నడిపే ఆవిడ చెప్పారట. తల్లిదండ్రులందరం కలిసి శాసనసభ్యుల దగ్గరికి వెళ్దాం, మీరూ రండి అంటున్నారట. వెళ్తే వీసాకు ఏమైనా అవుతుందా, ఓటు లేని మా మాట ఎవరు వింటారు, అసలు ఏం మాట్లాడాలి, పాపను తీసుకెళ్ళవచ్చా అన్నవి ఆమె సందేహాలు.

నా సమాధానం:

తప్పకుండా వెళ్ళండి. వీసా భయం ముందు తీర్చేస్తాను, అది తీరకపోతే మిగతాదేదీ మీ చెవికెక్కదు.

ప్రభుత్వానికి మొర పెట్టుకునే హక్కు అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది. అక్కడ రాసిన మాట ‘ప్రజలు’. శాసనసభ్యుడి ఆఫీసుకు వెళ్ళి మాట్లాడటం, ఉత్తరం రాయడం, కమిటీ విచారణలో లేచి నాలుగు మాటలు చెప్పడం ఎవరైనా చేయవచ్చు. పదిహేనేళ్ళుగా వీసా మీద ఉన్న తల్లులను వెంటబెట్టుకుని వెళ్తున్నాను, ఇందువల్ల ఎవరికీ ఇబ్బంది రావడం నేను చూడలేదు. రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం లాంటివి వేరే సంగతి. అరెస్టు దాకా పోయే అవకాశం ఉన్న పనికి దిగే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏ నాయకుడికీ ఎన్నికల విరాళం ఇవ్వకండి. పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేనివాళ్ళు విరాళం ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. అధ్యక్ష ఎన్నికల నుంచి మన ఊరి కౌన్సిల్ ఎన్నికల దాకా అన్నిటికీ ఇదే నియమం. మనవాళ్ళ ఇళ్ళల్లో నిధుల సేకరణ విందులు పెట్టినప్పుడు మొహమాటానికి 100 డాలర్ల చెక్కు రాసిచ్చే హెచ్1బీ కుర్రాళ్ళను చూశాను. బడ్జెట్ మీద మాట్లాడటానికి భయపడతారు, చేయకూడని ఈ పని మాత్రం నవ్వుతూ చేసేస్తారు!

ఇక ఓటు సంగతి. నియోజకవర్గాల హద్దులు గీసేటప్పుడు లెక్క వేసేది మొత్తం జనాభాను. అలా కాదు, ఓటర్లను మాత్రమే లెక్కించాలని టెక్సస్ నుంచి వేసిన వ్యాజ్యంలో, మొత్తం జనాభా ప్రకారం గీయవచ్చని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. కాలిఫోర్నియా అసెంబ్లీలో 80 మంది సభ్యులు. ఒక్కొక్కరి కింద దాదాపు 5 లక్షల జనం. ఆ లెక్కలో మీరున్నారు, మీ వారున్నారు, మీ పాప కూడా ఉంది. ఆఫీసులో ఫోనెత్తే అబ్బాయి మొదట అడిగేది మీ జిప్ కోడ్. మీకు ఓటుందా అని నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఏం మాట్లాడాలి?

2009 వసంతంలో నేను మొదటిసారి ఇలా వెళ్ళాను. అంతకు ముందు చలికాలంలో మా వారి ఉద్యోగం పోయింది. మా అమ్మాయి డేకేర్‌లో తల్లిదండ్రుల సంఘం ఒకటి ఉండేది, వాళ్ళతో కలిసి బయలుదేరాను. మన దగ్గర ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇవ్వడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని కదా, అదే ఊపులో రెండు పేజీల నిండా కష్టాలు రాసుకున్నాను. ఇంటి అద్దె, ఇన్సూరెన్స్, డేకేర్ ఫీజు, మా పక్కింటి వియత్నాం కుటుంబం, మా వీధి చివర మూతపడ్డ దుకాణం, అన్నీ. పన్నెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. చివర్లో గొంతు పూడుకుపోయింది కూడా. ఎదురుగా కూర్చున్న సహాయకురాలికి పాతికేళ్ళుంటాయేమో. మంచి పిల్ల, కళ్ళు చెమర్చాయి. అంతా విని, పెన్ను తీసి అడిగింది: “మీరు చెప్పింది అర్థమైంది. ఇంతకీ మమ్మల్ని ఏం చేయమంటారు?”

నా దగ్గర సమాధానం లేదు. “పిల్లలకు ఏదైనా చేయండి” అన్నాను. ఆ అమ్మాయి దాన్నే కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం ఏమైందో ఊహించడం కష్టం కాదు.

అప్పటికి నాకు తెలియనిది ఏమిటంటే, ఆ ఏడాది ఆ భవనాలన్నిటిలో జాలికి కొరత లేదు. కొరతంతా డబ్బుకే. కేంద్ర ప్రభుత్వం అప్పు చేసి ఖర్చు పెట్టగలదు. రాష్ట్రాలకు ఆ వెసులుబాటు లేదు. వెర్మాంట్ తప్ప మిగతా రాష్ట్రాలన్నీ ఏదో ఒక రూపంలో బడ్జెట్‌ను సరితూచి తీరాలి. మాంద్యం వస్తే జీతాలు పోయి ఆదాయపు పన్ను పడిపోతుంది, కొనుగోళ్ళు తగ్గి అమ్మకం పన్ను పడిపోతుంది. సరిగ్గా అప్పుడే పేదలకు తిండి కోసం ఇచ్చే ఫుడ్ స్టాంపులకూ ఆరోగ్య బీమాకూ వచ్చే కుటుంబాలు పెరుగుతాయి. మన కాలిఫోర్నియా పరిస్థితి ఇంకా విచిత్రం. ఇక్కడి ఆదాయపు పన్నులో పెద్ద వాటా బాగా డబ్బున్నవాళ్ళ నుంచి, వాళ్ళ షేర్ల లాభాల నుంచి వస్తుంది. స్టాక్ మార్కెట్ తుమ్మితే రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు జలుబు చేస్తుంది. 2010లో ఇక్కడ నిరుద్యోగం 12 శాతం దాటింది. అంతకు ముందు ఏడాది జూలైలో ఖజానాలో డబ్బు చాలక రాష్ట్రం బిల్లులకు బదులు తర్వాత చెల్లిస్తామని రాసిన హామీ పత్రాలు పంచింది.

అలాంటప్పుడు కత్తి ఎక్కడ పడుతుంది? రక్షణ లేనిచోట. బడుల ఖర్చుకు 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 98 కనీస హామీ ఇస్తుంది. అప్పుల మీద వడ్డీ కట్టాల్సిందే. జైళ్ళ మీద కోర్టుల నిఘా ఉంది. డేకేర్ రాయితీల్లో చాలా భాగం మాత్రం 2011 నుంచి ప్రతిపాదన 98 గొడుగు బయటే ఉంది. ఆ మాంద్యం పూర్తయ్యేసరికి ఈ రాష్ట్రంలో లక్షకు పైగా రాయితీ సీట్లు ఎగిరిపోయాయి. చట్టసభలో ఎవరికీ పిల్లల మీద కోపం లేదు. కోయడానికి తేలికగా దొరికింది అది, అంతే.

కాబట్టి మీరు ఆ గదిలోకి అడుగుపెట్టేటప్పుడు చేతిలో ఒక్క కోరిక ఉండాలి. బడ్జెట్‌లోని ఒక్క పద్దు, దాని పేరు, ఆ సభ్యుడు చేయగలిగిన ఒక్క పని. “పిల్లలను ఆదుకోండి” అనేది కోరిక కాదు. “డేకేర్ సీట్ల సంఖ్య తగ్గించే ఈ ప్రతిపాదన మీద బడ్జెట్ ఉపసంఘంలో వ్యతిరేకంగా ఓటు వేయండి” అనేది కోరిక. సభ్యుడు ఆ ఉపసంఘంలో లేకపోతే “ఆ ఉపసంఘం అధ్యక్షుడికి ఉత్తరం రాయండి” అనేది కోరిక. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనవాళ్ళు అడగక కాదు, అన్నీ కలిపి అడిగి ఏదీ తేలకుండా చేసుకుంటారు.

మరి డబ్బెక్కడిది అని వాళ్ళు అడుగుతారు. అడగాలి కూడా. దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఆ 2009 నాటిదే. అప్పట్లో హెల్దీ ఫ్యామిలీస్ అనే పిల్లల ఆరోగ్య బీమా ఉండేది, దాదాపు 9 లక్షల మంది పిల్లలు అందులో ఉండేవారు. మే నెలలో గవర్నర్ ప్రతిపాదనల్లో దాన్ని పూర్తిగా ఎత్తివేయడం ఒకటి. జూలైలో కొత్త పిల్లలను చేర్చుకోవడం ఆపేశారు. దాన్ని కాపాడాలనుకున్నవాళ్ళు చేసిన వాదనల్లో చట్టసభను కదిలించిన వాదన చాలా పొడిగా ఉంటుంది. ఆ బీమాకయ్యే ప్రతి 100 డాలర్లలో 65 కేంద్రం ఇస్తుంది. అంటే రాష్ట్రం తన వంతు ఒక డాలరు మిగుల్చుకుంటే దాదాపు రెండు కేంద్ర డాలర్లు వదులుకున్నట్టు. పోనీ ఆ ఒక్క డాలరూ ఎక్కడిది? పేదలకు రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికాల్‌ను నడిపే బీమా సంస్థల ప్రీమియంల మీద పన్ను కొనసాగించే బిల్లు ఒకటి తెచ్చారు. పొగాకు పన్నుతో నడిచే ఫస్ట్ 5 సంస్థ కూడా కొంత ఇచ్చింది. సెప్టెంబరుకల్లా చేర్పులు మళ్ళీ మొదలయ్యాయి.

పక్కనే ఉన్న ఆరిజోనా 2010 జనవరిలో తన పిల్లల బీమా కిడ్స్‌కేర్‌లో కొత్త చేర్పులు ఆపేసింది. అక్కడ కేంద్రం వాటా ఇంకా ఎక్కువ, రాష్ట్రం డాలరు పెడితే దాదాపు మూడు డాలర్లు వచ్చేవి. ఆ తలుపు తిరిగి తెరవడానికి 2016 దాకా పట్టింది. ఆ పక్కా ఈ పక్కా పిల్లలు ఒకలాంటి వాళ్ళే, మాంద్యమూ ఒకటే. ఒకచోట ఆ చివరి డాలరు ఎక్కడి నుంచి తేవాలో వెతికి పట్టుకున్నారు. ‘తాత్కాలికంగా ఆపుతున్నాం’ అన్న మాట వినబడితే నాకు ఆ ఆరేళ్ళే గుర్తొస్తాయి. మీ సభ్యుడి నోట ఆ మాట వస్తే “ఎప్పటిదాకా, అది బిల్లులో రాసి ఉందా?” అని మర్యాదగానే అడగండి.

మీ డేకేర్ విషయంలో మీరు చూపించగల మూలం ఒకటుంది. 2014లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 2 ప్రకారం రాష్ట్రం మంచి రోజుల్లో కష్టకాలపు నిధిలో డబ్బు వేసుకుంటోంది. గవర్నర్ బడ్జెట్ అత్యవసర పరిస్థితి ప్రకటిస్తేనే అందులోంచి తీయడానికి వీలవుతుంది. అది దేనికి వాడుతున్నారు, డేకేర్ సీట్లు ఆ జాబితాలో ఉన్నాయా అని అడగవచ్చు. ఈ లెక్కలన్నీ మీరు తయారు చేసుకోనక్కర్లేదు. శాసనసభకు 1941 నుంచి ఏ పార్టీకీ చెందని విశ్లేషకుల కార్యాలయం ఒకటుంది. బడ్జెట్‌లోని ప్రతి పెద్ద పద్దు మీద వాళ్ళ నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డేకేర్ మీద వాళ్ళు రాసిన నాలుగైదు పేజీలు చదివి వెళ్తే అక్కడి కుర్ర సహాయకులు సగం మంది కంటే మీకే ఎక్కువ తెలుస్తుంది. ఇది పొగడ్త కాదు, వాళ్ళ నెత్తిన పాతిక అంశాలుంటాయి, మీకు ఒక్కటే.

వేళ గురించి చెప్పాలి. గవర్నర్ తొలి బడ్జెట్ జనవరి 10 లోగా వస్తుంది. సవరించిన ప్రతిపాదన మే 14 లోగా. చట్టసభ జూన్ 15 లోగా ఆమోదించాలి, జూలై 1న కొత్త ఆర్థిక సంవత్సరం. ఉపసంఘాల విచారణలు వసంతమంతా సాగుతాయి. జనం ఎక్కువగా మే ఆఖర్లో, పత్రికల్లో గోల మొదలయ్యాక పరుగెత్తుతారు. అప్పటికి చాలా వరకు నాయకులు ముగ్గురు నలుగురు లోపల కూర్చుని తేల్చేసుకుంటూ ఉంటారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్ళండి. శాక్రమెంటో దాకా అక్కర్లేదు, శుక్రవారాలు సభ్యులు చాలామంది సొంత నియోజకవర్గం ఆఫీసులోనే ఉంటారు. అక్కడ అరగంట దొరుకుతుంది, రాజధానిలో ఏడు నిమిషాలు.

జూన్‌లో గెలిచాం కదా అని ఇంటికి వెళ్ళి పడుకోకండి. 2010లో బడ్జెట్ 100 రోజులు ఆలస్యమై అక్టోబరు 8న సంతకమైంది. అదే రోజు గవర్నర్ తనకున్న పద్దు వారీ వీటో అధికారంతో 25.6 కోట్ల డాలర్ల డేకేర్ నిధులను కొట్టేశారు. ఆ నిధుల మీద ఉన్నది ప్రభుత్వ సహాయం మీద నుంచి బయటపడి ఉద్యోగాలు చేసుకుంటున్న తల్లుల పిల్లలు, 50 వేలకు పైగా. చట్టసభ ఒప్పుకున్న డబ్బు ఒక్క కలం పోటుతో పోయింది. తల్లుల సంఘాలు కోర్టుకు వెళ్ళి గడువు పొడిగించుకున్నాయి, జిల్లాల ఫస్ట్ 5 కమిషన్లు కొన్ని మధ్యకాలానికి డబ్బు సర్దాయి, మరుసటి ఏడాది కొత్త గవర్నర్ హయాంలో నిధులు తిరిగి వచ్చాయి. ఈలోగా ఎన్ని ఇళ్ళల్లో తల్లులు ఉద్యోగం మానుకున్నారో ఎవరు లెక్కపెట్టారు? అప్పటి నుంచి నేను చట్టసభ ఓటు అయిన రోజే గవర్నర్ ఆఫీసుకు ఫోన్ల వరుస మొదలుపెట్టిస్తాను.

ఏ వాదన వాడాలి అన్న దాని మీద నా అభిప్రాయం చాలామంది శిక్షకుల అభిప్రాయానికి విరుద్ధం. మీకు శిక్షణ ఇచ్చేవాళ్ళు తప్పకుండా పెర్రీ ప్రీస్కూల్ గురించి చెబుతారు. మిషిగన్‌లోని ఇప్సిలాంటిలో 1960లలో 123 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం అది. దాని మీద లెక్కలు కట్టి ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం ఏడాదికి 7 నుంచి 10 శాతం ప్రతిఫలం వస్తుందని తేల్చింది. గొప్ప పరిశోధనే. అయితే ఆ ప్రతిఫలం రావడానికి పిల్లలు పెద్దవాళ్ళవ్వాలి. మీ ఎదురుగా కూర్చున్న మనిషి జూన్ 15 లోగా లెక్క సరిచేయాలి. ఇల్లు తగలబడుతుంటే మామిడి మొక్క నాటితే ఇరవై ఏళ్ళకు కాయలు కాస్తుందని చెప్పినట్టుంటుంది. ఆ మాట రెండో నిమిషంలో చెప్పండి. మొదటి నిమిషంలో ఈ నెల సంగతి చెప్పండి. ఈ డేకేర్ మూసేస్తే ఇన్ని కుటుంబాల్లో ఇంతమంది తల్లులు పనికి వెళ్ళలేరు, వాళ్ళలో ఒకరు ఆసుపత్రిలో నర్సు, ఒకరు బస్సు డ్రైవరు, వాళ్ళ జీతాల మీద వచ్చే పన్ను పోతుంది, డేకేర్‌లో పనిచేసే ఆరుగురికి నిరుద్యోగ భృతి ఇవ్వాల్సి వస్తుంది. మీ డేకేర్ ఆవిడ దగ్గర ఈ అంకెలు ఉంటాయి. రాసుకుని వెళ్ళండి.

త్వరగా ఫలితం కనిపించిన ఉదాహరణ కావాలంటే 2021 ఉంది. ఆ ఏడాది పిల్లల పన్ను రాయితీని పెంచి, జూలై నుంచి డిసెంబరు దాకా ఆరేళ్ళలోపు పిల్లలకు నెలకు 300 డాలర్ల వరకు, పెద్ద పిల్లలకు 250 వరకు నేరుగా ఖాతాలో వేశారు. ప్రభుత్వ సహాయాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కొలత ప్రకారం పిల్లల్లో పేదరికం 5.2 శాతానికి దిగింది. పెంపు ఆగిపోయింది, మరుసటి ఏడాదికి అది 12.4 శాతం. మన ఇళ్ళకు ఇందులో ఇంకో ముల్లు కూడా ఉంది. 2017 పన్ను చట్టం నుంచి ఈ రాయితీకి బిడ్డకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. గుంటూరులో పుట్టి హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన పెద్దవాడికి రాదు, ఫ్రీమాంట్‌లో పుట్టిన చిన్నదానికి వస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే అన్నం తినే ఇద్దరు పిల్లలు. పన్ను లెక్కలు వేసేటప్పుడు దీని మీద చిరాకు పడని తెలుగు తండ్రి ఉండడు, కాంగ్రెస్ సభ్యుడికి ఒక ఉత్తరం రాసినవాణ్ణి మాత్రం నేను ఇంతవరకు కలవలేదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఇది మీకు ఎవరూ చెప్పరు. 2009 ఫిబ్రవరి ఉద్దీపన చట్టంలో ఫుడ్ స్టాంపుల గరిష్ఠ మొత్తాన్ని 13.6 శాతం పెంచారు. ఏప్రిల్ నుంచి అమలైంది, ఇంట్లో కూరగాయల బుట్టలో తేడా కనిపించింది. 2010 ఆగస్టులో రాష్ట్రాలు విలవిల్లాడుతుంటే టీచర్ల ఉద్యోగాలు కాపాడటానికి కాంగ్రెస్ 1000 కోట్ల డాలర్లు ఇచ్చింది, వైద్య సహాయానికి ఇంకొంత. అందరం చప్పట్లు కొట్టాం. ఆ డబ్బులో కొంత ఎక్కడి నుంచి తెచ్చారో తెలుసా? ఫుడ్ స్టాంపుల పెంపును ముందుగానే ముగించి. అదే డిసెంబరులో బడి భోజనాల చట్టం వచ్చింది. కొత్త పోషకాహార ప్రమాణాలు పాటించే బడులకు భోజనానికి 6 సెంట్లు అదనం. మళ్ళీ చప్పట్లు. మళ్ళీ అదే సంచిలో చెయ్యి, పెంపు ముగిసే తేదీ ఇంకా ముందుకు జరిగింది. 2013 నవంబరు 1న నలుగురున్న కుటుంబానికి నెలకు 36 డాలర్లు తగ్గాయి. మధ్యాహ్నం బడిలో పళ్ళెం బాగుపడింది, రాత్రి ఇంట్లో అదే పిల్లాడి పళ్ళెం చిన్నదైంది.

మాంద్యంలో పిల్లల పక్షాన మాట్లాడేవాళ్ళకు అసలు గండం ఇక్కడే ఉంది. శత్రువులతో పోట్లాట తేలిక. బడుల సంఘం, డేకేర్ సంఘం, ఆరోగ్య బీమా సంఘం ఒకే కుండలో గరిటెలు పెట్టినప్పుడు, ఎవరికి ఎక్కువ గొంతుంటే వాళ్ళ గరిటె నిండుతుంది. అందుకే మీరు వెళ్ళే ముందు మీ బృందంలో ఒక మాట అనుకోండి. “డేకేర్ సీట్లు ఉంచుతాం గానీ ఆ డబ్బు పిల్లల బీమా నుంచి తీస్తాం, సరేనా?” అని వాళ్ళు అడిగితే ఏం చెబుతారు? అలా అడుగుతారు, నన్ను అడిగారు. ఆ క్షణంలో తడబడి తల ఊపితే, రేపు విచారణలో “తల్లిదండ్రులు కూడా ఒప్పుకున్నారు” అంటారు. “అది మేము ఇచ్చే సొమ్ము కాదు, మా కోరిక ఇదొక్కటే” అని చెప్పి ఊరుకోండి. మిగతా సంఘాలతో ముందే ఫోన్లో మాట్లాడుకుని ఉంటే ఇంకా మంచిది.

విచారణ సంగతి కొంచెం చెబుతాను. ఉపసంఘం విచారణలో చివర ప్రజలకు మాట్లాడే అవకాశం ఇస్తారు. ఒకసారి నేను మూడు నిమిషాల ప్రసంగం అద్దం ముందు నిలబడి సాధన చేసుకుని వెళ్ళాను. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మా అంశం వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. వరుస తలుపు దాటి వరండాలోకి పోయింది. మనిషికి ఒక నిమిషం అన్నారు. నా ప్రసంగంలో ఒక నిమిషానికి నమస్కారాలే సరిపోతాయి. నా ముందు ఇంట్లోనే డేకేర్ నడిపే ఒక మెక్సికన్ పెద్దావిడ ఉంది, దుభాషితో వచ్చింది. మూడే వాక్యాలు చెప్పింది. నా దగ్గర ఎనిమిది మంది పిల్లలు, పొద్దున నాలుగున్నరకు మొదటి బిడ్డ వస్తుంది, వాళ్ళమ్మ బేకరీలో పని చేస్తుంది. మీరు ఈ పద్దు కోస్తే ఆ నాలుగున్నరకు ఆ బిడ్డ ఎక్కడుండాలో నాకు చెప్పండి. అని కూర్చుంది. వేదిక మీద ఫోన్ చూసుకుంటున్న సభ్యుడు తలెత్తాడు. నేను లేచి, పేరు, జిప్ కోడ్ చెప్పి, “ఆవిడ అడిగిందే నేనూ అడుగుతున్నాను” అని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేను ఇచ్చిన మంచి ప్రసంగం అదేనని మా వారు ఇప్పటికీ ఏడిపిస్తారు.

మీరంతా ఒక్క భాషవాళ్ళే వెళ్ళకండి. మీ డేకేర్‌లో ఎవరెవరు ఉంటే వాళ్ళందరూ రావాలి. నలుగురు చాలు, పదిమంది వద్దు. ముందు రోజు ఎవరు ఏం చెప్పాలో పంచుకోండి. ఒకరు కోరిక, ఒకరు తన కథ, ఒకరు అంకెలు, ఒకరు రాసుకోవడానికి. ఒకే పేజీ కాగితం ఇచ్చి రండి, దాని మీద కోరిక అన్నిటికంటే పైన ఉండాలి. సభ్యుడు లేడు, సహాయకుడే ఉన్నాడని చిన్నబుచ్చుకోకండి, బడ్జెట్ వివరాలు చదివేది ఆ సహాయకుడే. రెండు రోజుల్లో కృతజ్ఞతలు చెబుతూ ఒక ఈమెయిల్, రెండు వారాల్లో “ఏమైంది” అంటూ ఇంకొకటి. ఆ రెండో ఈమెయిల్ దగ్గరే సగం మంది జారిపోతారు.

శాలువాలు, బొకేలు, మిఠాయి డబ్బాలు వద్దు. ఒకసారి నేను ఇంట్లో చేసిన సున్నుండలు పట్టుకెళ్ళాను. కానుకల నిబంధనలంటూ ఆ అబ్బాయి వాటి ఖరీదు అడిగాడు. మినుములూ బెల్లమూ నెయ్యీ కలిపి లెక్క చెప్పలేక డబ్బా వెనక్కి తెచ్చుకున్నాను.

మీ ఊరి తెలుగు సంఘాన్ని కలుపుకోవచ్చా అని అడగలేదు గానీ చెబుతాను. అడిగితే “మాది 501సీ3, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ, రాజకీయాలు కూడదు” అంటారు. సగమే నిజం. ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, అది నిజం. చట్టాల మీద, బడ్జెట్ మీద మాట్లాడటం పరిమితిలో చేయవచ్చు. 1976 నాటి చట్టం కింద 5768 నంబరు ఫారం ఒకటి నింపితే, ఏటా సంస్థ ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్లలో 20 శాతం దాకా ఈ పనికి వెచ్చించవచ్చు. జీతం లేని కార్యకర్తలు వెచ్చించే సమయం ఆ లెక్కలోకే రాదు. గుళ్ళకు ఈ ఫారం వర్తించదు, వాళ్ళు కొద్దిపాటిగా మాత్రమే చేయాలి. ఉగాదికి శాసనసభ్యుణ్ణి వేదిక మీదికి పిలిచి, ఫ్రేము కట్టించిన అభినందన పత్రం అందుకుని, ఫోటో దిగి పంపేస్తారు మనవాళ్ళు. ఆ అరగంటలో పక్కకు తీసుకెళ్ళి ఒక్క పద్దు గురించి అడిగితే ఏం పోయింది? నేను రెండేళ్ళు అడిగి చూశాను, మూడో ఏడు నన్ను వేదిక దగ్గరికి రానివ్వలేదు. సంఘం పేరు చెప్పనులెండి.

మీ వారి ఉద్యోగం పోతే రాయితీకి, బీమాకు మీరే దరఖాస్తు పెట్టుకోవాల్సి రావచ్చు. ఇక్కడ పుట్టిన బిడ్డ తన హక్కు మీద తాను అర్హురాలు, తల్లిదండ్రుల వీసా అడ్డు కాదు. 2009లో పిల్లల బీమా చట్టం పొడిగించినప్పుడు, చట్టబద్ధంగా ఉంటున్న వలస పిల్లలను ఐదేళ్ళ నిరీక్షణ లేకుండా చేర్చుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. అదీ ఇలాంటి తల్లులు ఏళ్ళ తరబడి తిరిగి సాధించుకున్నదే. ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకు అడ్డం వస్తుందా అన్న దాని మీద నియమాలు 2019లో ఒకలా, 2022లో ఒకలా మారాయి. కాబట్టి అది మాత్రం నన్నడిగి కాకుండా లాయరును అడిగి తేల్చుకోండి.

పాపను తీసుకెళ్ళండి. నియోజకవర్గం ఆఫీసుకైతే ఏ ఇబ్బందీ లేదు, రంగు పెన్సిళ్ళు, రెండు కాగితాలు, తినడానికి ఏదైనా పెట్టుకోండి. నిద్రపోయే వేళ తప్పించి సమయం అడగండి. శాక్రమెంటో విచారణకు మాత్రం వద్దు, ఆరు గంటలు ఆ కుర్చీల్లో పెద్దవాళ్ళే కూర్చోలేరు. మా అమ్మాయి నాలుగేళ్ళప్పుడు ఒక సభ్యుడి బల్ల కింద దూరి ఆయన బూటు లేసులు విప్పేసింది. ఆయన వాటిని కట్టుకుంటూనే నా కోరిక పూర్తిగా విన్నాడు.